మరిసోల్‌ది ఏ జిల్లా?

నీలవేణి గొంతు వినని తెలుగు ఇల్లు అరుదు. ఆమె పేరు తెలిసిన ఇల్లు ఇంకా అరుదు. డబ్బింగ్ సీరియళ్ళలో అంట్లు తోమేది ఆమె, గచ్చు తుడిచేది ఆమె, యజమానురాలి గొలుసు కనపడకపోతే అందరూ మొదట తేరిపార చూసేది ఆమె వంకే. కొరియా రాణిగారి దాసీ, టర్కీ సుల్తాను ఇంటి వంటమనిషి, ముంబయి కోటీశ్వరుల ఆయా, అందరిలోంచీ నీలవేణే పలికేది. ఏ దేశంలో పుట్టిన పనిమనిషైనా సరే, తెలుగు తెర మీదకి వచ్చేసరికి ఆమదాలవలస పక్కన పుట్టినట్టు మాట్లాడాల్సిందే. అది ఆ పరిశ్రమ ఆనవాయితీ. ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు, అడిగిన పాపాన పోయినవాళ్ళూ లేరు.

నీలవేణి తల్లి గవరమ్మ సాయంత్రం టీవీ ముందు కూర్చుందంటే మళ్ళీ నిద్రకే లేచేది. మొదట్లో ఆవిడ తెగ ఆశ్చర్యపడింది.

"ఓలమ్మా! ఆ దేశంలో కూడా మనోళ్ళేనేటే అంట్లు తోముతన్నారు?"

తరవాత గర్వపడింది. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ గర్వం కోపంలోకి దిగింది.

"ఇన్ని దేశాలు తిరిగినావు. ఒక్క దేశంలోనైనా నిన్ను కుర్చీలో కూకోనివ్వరేటే? కాళ్ళు పీకవేటి ఆ మనిసికి?"

"గొంతే కదమ్మా నాది. నిలబడేది ఎవులో వేరే ఆవిడ."

"గొంతైనా ఏదో ఒకపాలి కూకోవాల కదా!"

నీలవేణి నవ్వేసింది గాని, ఆమెకీ ఆ ముచ్చట లేకపోలేదు.

తల్లీకూతుళ్ళు శ్రీకాకుళం నుంచి హైదరాబాదుకి మేస్త్రీ వెంట వచ్చిన రోజుల్లో నీలవేణి ఇంకా గౌనులో ఉంది. కడుతున్న బిల్డింగుల పక్కన రేకుల షెడ్లలో పెరిగింది. ఒక షెడ్డులో పాలమూరు వాళ్ళు, ఇంకో షెడ్డులో బీదరు వాళ్ళు, సందు చివర ఉర్దూ మాట్లాడే కిరాణా కొట్టు. ఇంట్లో అమ్మ మాట, రోడ్డు మీద ఊరి మాట, బళ్ళో పుస్తకాల మాట. ఇవన్నీ ఒకదాన్నొకటి తోసుకోకుండా ఆమె నోట్లో సర్దుకుని కాపురం చేస్తున్నాయి. కోపం వస్తే ఒకటి, నవ్వొస్తే ఇంకొకటి బయటికి వచ్చేది. స్టూడియోలో మాత్రం అమ్మ మాటనే అడిగేవాళ్ళు, అదీ చీపురు పట్టుకున్నప్పుడే.

అలాంటి నీలవేణికి అదృష్టం అమెరికా నుంచి వచ్చింది. పచ్చతోరణం టీవీ వాళ్ళు ఒక సీరియల్ కొన్నారు. తెలుగులో దానికి 'ఆరో వీధి' అని పేరు పెట్టారు. టెక్సస్‌లో ఒక ఊళ్ళో, ఆరో వీధిలో కాపురముండే లాటినో కుటుంబాల కథ అది. అమ్మమ్మ డోలోరెస్‌ది మెక్సికో. మెకానిక్ అల్లుడిది ప్యూర్టోరికో. ఎదురింటి బడిపంతులుది క్యూబా. ఇళ్ళల్లో స్పానిష్, ఆఫీసుల్లో ఇంగ్లీషు, వీధి అరుగుల మీద రెండూ కలిపి దంచేస్తుంటారు. డోలోరెస్ కూతురు మరిసోల్ మొదటి ఎపిసోడ్లలో రాత్రిపూట ఆఫీసులు తుడుస్తుంది, పగలు లా చదువుతుంది, పోనుపోను లాయరవుతుంది. ఆఖరి ఎపిసోడులో తల్లిని దేశం నుంచి పంపించేస్తామంటే కోర్టులో నిలబడి వాదిస్తుంది.

డబ్బింగ్ డైరెక్టరు హరనాథ్ తెనాలి మనిషి, మంచివాడు. పదిమంది గొంతులు విని, నీలవేణిని పిలిచాడు.

"మొదటి ఎపిసోడు నుంచి ఆఖరుదాకా మరిసోల్ నువ్వేనమ్మా. తుడిచేటప్పుడూ నువ్వే, వాదించేటప్పుడూ నువ్వే. ఆ కోర్టు సీను ఇప్పట్నించే ప్రాక్టీసు చేసుకో."

ఆ సాయంత్రం నీలవేణి ఇంటికి నడిచి వెళ్ళిందో ఎగిరి వెళ్ళిందో ఆమెకే తెలియదు. కోర్టు సీను మొత్తం వారంలో కంఠతా పట్టేసింది. గవరమ్మకి చెప్పింది.

"లాయరంటే కుర్చీ ఉంటాది కదా?" అంది గవరమ్మ ముందుజాగ్రత్తగా.

"కుర్చీ ఉంటాది, బల్లా ఉంటాది, బల్ల మీద మంచినీళ్ళూ ఉంటాయి."

గవరమ్మ చుట్టుపక్కల వాటాలన్నిటికీ వెళ్ళి, ఆఖరి ఎపిసోడు రోజు అందరూ తన ఇంట్లోనే కూర్చుని చూడాలని పిలుపులు పిలిచి వచ్చింది.

సరిగ్గా అప్పుడే పచ్చతోరణం టీవీకి ఒక ప్రేక్షకుడు ఫోన్ చేశాడు. వాళ్ళ టర్కీ సీరియల్లో సుల్తానూ, సుల్తాను గుర్రానికి మాలీషు చేసేవాడూ ఒకే తెలుగు మాట్లాడుతున్నారట. ఇద్దరికీ గడ్డాలే. ఎవరికి మర్యాద ఇవ్వాలో తెలియక అరగంటసేపు మాలీషువాణ్ణి గౌరవించాడట. తీరా సుల్తాను గుర్రమెక్కాక సంగతి తెలిసి చాలా మనస్తాపం కలిగిందట. నిజానికి ఆ రోజు మాలీషువాడి గొంతు చెప్పే ఆర్టిస్టు పెళ్ళికి వెళితే, హరనాథే తన తెనాలి గొంతుతో చెప్పేసి పని కానిచ్చాడు. కానీ చానల్ యజమాని ఆ మనస్తాపానికి గడగడలాడిపోయి, రెండో రోజుకల్లా 'పాత్రోచిత యాసా నిర్ణాయక మండలి' అని ఒకటి వేశాడు.

మండలి అధ్యక్షులు గంటి చయనులుగారు. రహదారుల శాఖలో మైలురాళ్ళ మీద ఊళ్ళ పేర్లు రాయించే విభాగంలో పనిచేసి రిటైరయ్యారు. ఏ ఊరు ఏ ఊరికి ఎంత దూరమో ఆయనకి తెలుసు కాబట్టి ఏ యాస ఏ యాసకి ఎంత దూరమో కూడా తెలిసే ఉంటుందని యజమాని నమ్మకం. మండలిలో ఇంకా కొందరు సభ్యులున్నారు గాని, వాళ్ళ పని తల ఊపడం.

చయనులుగారు స్టూడియోకి వచ్చి, శాలువా సర్దుకుని, ఉపన్యసించారు.

"శ్రవణమాత్రం చేతనే పాత్ర యొక్క హోదా ప్రేక్షకునికి స్ఫురింపవలెను. కనులు మూసుకొని వినిననూ, ఎవరికి నమస్కరింపవలెనో, ఎవరిని ఏమే అనవలెనో తెలియవలెను. అందుకై మండలి హోదా-యాస పట్టికను రూపొందించినది."

పట్టిక చాలా సమగ్రంగా ఉంది. డాక్టర్లు, లాయర్లు, కలెక్టర్లు, దేవుళ్ళు కృష్ణా-గుంటూరు తెలుగు మాట్లాడాలి. గుమాస్తాలు, బడిపంతుళ్ళు గోదావరి తెలుగు. పనిమనుషులు శ్రీకాకుళం. హీరో పక్కన ఉండి హీరోకి బదులు దెబ్బలు తినే స్నేహితుడు తెలంగాణ. విలన్లకి రాయలసీమ అని మొదట రాశారు గాని, ఒకే సీమ మీద భారం మోపడం అన్యాయమని ఎవరో అనేసరికి, విలన్ల యాస మూడు నెలలకోసారి జిల్లా మారునని సవరించారు. పోలీసుల్లో కానిస్టేబుల్ వరకు ప్రాంతీయం, ఎస్సై నుంచి శుద్ధం. దయ్యాలకి, చనిపోయే నాటికి ఏ హోదా ఉందో ఆ యాసే వర్తిస్తుంది.

సౌండ్ ఇంజినీర్ బీరేశం సిద్దిపేట మనిషి. హెడ్‌ఫోన్ మెడలో వేసుకుని అంతా ఓపిగ్గా విన్నాడు.

"సార్, నేను ఇంజినీర్‌ని గదా. పట్టిక ప్రకారం నేనేం మాట్లాడాలె?"

"మీరు తెర వెనుకనుండు వారు నాయనా. మీరు మాటలాడనక్కరలేదు," అన్నారు చయనులుగారు దయగా.

తరవాత 'ఆరో వీధి' రెండో ఎపిసోడు వేశారు. అందులో ఒక సీనుంది. వానకి ఆరో వీధి మునిగిపోతే, ఆ ఊరి టీవీ విలేకరి కెమెరా వేసుకుని వస్తాడు. క్యూబా బడిపంతులు ముందుకొచ్చి, కాలవ ఎప్పట్నించి పూడిపోయిందో, మునిసిపాలిటీకి ఎన్నిసార్లు చెప్పుకున్నారో చక్కటి ఇంగ్లీషులో వివరిస్తాడు. విలేకరి పెదవి విరుస్తాడు. కాస్త తడబడి మాట్లాడేవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని ఇల్లిల్లూ తిరుగుతాడు. ఎవరిని కదిపినా మాట బాగానే ఉంటుంది. చివరికి ఒక ముసలాయన చేతికి పక్కింటి కోడిని ఇచ్చి, ఏమీ మాట్లాడొద్దు, భయపడుతున్నట్టు నిలబడమంటాడు. ఆ సాయంత్రం వార్తల్లో కోడి, ముసలాయన, కింద 'వలసవాడలో భయాందోళనలు' అనే అక్షరాలు వస్తాయి.

నీలవేణికి నవ్వు ఆగలేదు. ఆమె చిన్నప్పుడు షెడ్లు కాలిపోయినప్పుడు కూడా ఇలాగే ఒకడు కెమెరాతో వచ్చి, గట్టిగా ఏడవగలిగేవాళ్ళని ఏరుకుని నిలబెట్టాడు. గవరమ్మకి ఏడుపు సరిగా రాలేదని పక్కకి జరగమన్నాడు.

చయనులుగారు నవ్వలేదు. సీను మళ్ళీ వెయ్యమన్నారు. మళ్ళీ చూసి, చేతులు జోడించారు.

"ఈ విలేకరి ఎవరోగాని మహానుభావుడు. ఔచిత్యమెరిగినవాడు. ఉపాధ్యాయుని విడిచి కోడిని పట్టుకొనినాడు, చూచితిరా!"

"సార్, అది వెటకారమండీ," అన్నాడు హరనాథ్ తల గోక్కుంటూ. "అతన్ని వాళ్ళు ఆటపట్టిస్తున్నారు. అసలు ఈ సీరియల్ పుట్టిందే ఆ గోల మీదండీ. ఇక్కడ అమ్మమ్మ స్పానిష్ వేరు, అల్లుడి స్పానిష్ వేరు, పంతులుగారిది వేరు. అందర్నీ ఒకే గాటన కట్టేస్తున్నారని..."

"ముగ్గురునూ వలస వచ్చినవారే కదా?"

"అవునండీ."

"అయినచో చిక్కేమున్నది? మండలి దృష్టిలో వలస కూడా ఒక జిల్లాయే."

సభ్యులు తల ఊపారు. ఆ రోజుతో మెక్సికో, క్యూబా, ప్యూర్టోరికో మూడూ కలిసి ఒక జిల్లా అయిపోయాయి.

అసలు చిక్కు మరిసోల్ దగ్గర వచ్చింది. ఒకే పాత్ర తుడిచే మనిషిగా మొదలై లాయరు కావడమేమిటని చయనులుగారు చాలాసేపు బాధపడ్డారు. పట్టికలో అలాంటి మనిషికి చోటు లేదు. దీన్ని 'హోదా అతిక్రమణ' అన్నారు. అతిక్రమణను అడ్డుకోలేం గనక క్రమబద్ధం చేయాలని తీర్మానించి, మరిసోల్‌ని మూడు ముక్కలు చేశారు. చీపురు మరిసోల్‌కి నీలవేణి. మధ్యలో కొన్నాళ్ళు గుమాస్తాగా చేస్తుంది కాబట్టి ఆ ముక్కకి రాజమండ్రి ఆవిడ ఒకరు. లాయర్ మరిసోల్‌కి కాత్యాయని. కాత్యాయని అంతవరకు కలెక్టర్లకీ అమ్మవార్లకీ గొంతు చెప్పిన మనిషి, స్వతహాగా కలుపుగోలుది.

నీలవేణికి కోర్టు సీను పోయింది. గవరమ్మ పిలుపులు పిలిచి వచ్చింది. ఆ సంగతి ఇంట్లో ఎలా చెప్పాలో తెలియక చెప్పడం మానేసింది.

రికార్డింగు నడిచింది గాని, నడిచిందని అనలేం, కుంటింది. లాయర్ మరిసోల్ ఆఫీసులో సంతకాలు పెడుతుంటుంది. ఫోన్ మోగుతుంది. కాత్యాయని "హలో, ఎవరండీ?" అంటుంది. అవతల అమ్మ డోలోరెస్. అమ్మతో మాట్లాడేటప్పుడు హోదా తాత్కాలికంగా తగ్గుతుందని మండలి రూలింగు. నీలవేణి గబుక్కున మైకు ముందుకి దూకి "ఏటమ్మా?" అనాలి. అంతలో గుమాస్తా ఫైలు తెస్తాడు. కాత్యాయని మళ్ళీ దూకాలి. అమ్మ అవతల ఏడుస్తుంది. నీలవేణి దూకాలి. ఇద్దరి నుదుళ్ళూ ఠాప్ మని కొట్టుకున్నాయి. వంతు కోసం పక్కనే నిలబడ్డ రాజమండ్రి ఆవిడ కూడా ఆ ఊపులో గోడకి జేరబడింది.

"మేడం, మైకు ఒక్కటే ఉన్నది, తలకాయలు మూడైనయ్," అన్నాడు బీరేశం. "పైలం!"

ఇంకో సీన్లో లాయర్ మరిసోల్ వంటింట్లో కాఫీ ఒలకబోసుకుని తనే గుడ్డ తెచ్చి తుడుచుకుంటుంది. దీనిమీద మండలి ప్రత్యేకంగా సమావేశమైంది.

"తుడుచుచున్నంతసేపు శ్రీకాకుళం. చేయి కడుగుకొనిన మీదట గుంటూరు," అని చయనులుగారు తేల్చారు.

"కలొస్తేనండీ?" అని అడిగాడు హరనాథ్. అతనికి అప్పటికే ఆశ చచ్చిపోయింది.

"నిద్రకు ఉపక్రమించునపుడున్న హోదాయే కలయందును కొనసాగును."

ఆ ఎపిసోడ్లు ప్రసారమయ్యాయి. గవరమ్మ చూస్తూ కూర్చుని, మధ్యలో లేచి టీవీ నెత్తిన ఒకటి కొట్టింది.

"ఇదేటే? ఒకే మనిసి ముగ్గురు మాటాడినట్టు మాటాడతంది. దీనికేటైనా పూనిందేటి?"

మర్నాడు నీలవేణి తిన్నగా చయనులుగారి గదికి వెళ్ళింది. ఆయన మర్యాదగా కుర్చీ చూపించారు. ఆమె కూర్చోలేదు.

"సార్, ఒక్కటే అడుగుతున్నాను. ఆ కోర్టు సీను నాకిచ్చెయ్యండి. మిగతాదంతా మీ ఇష్టం. ముక్కలు చేసుకోండి, ముద్ద చేసుకోండి. ఆ మనిషి గచ్చు తుడిచిన రోజు నుంచి నేనున్నాను ఆవిడతో. నల్లకోటేసుకున్నాక నన్ను పొమ్మంటే ఎలా?"

"అమ్మా, మీ గొంతుకు అన్యాయము జరుగదు. చీపురు పట్టినంతసేపును మీదే."

నీలవేణికి ఒళ్ళు మండింది. మండినప్పుడు ఆమె నోట్లో ఏ మాట ముందుంటే అదే వస్తుంది.

"గట్లెట్లయితది సార్? మనిషి ఒక్కతే కదా! కోటేసుకుంటే లోపలున్నది మారిపోద్దేటి? బడాయి కాకపోతే!"

చయనులుగారు చెయ్యెత్తారు. ముఖం గంభీరమైంది.

"ఒక్క క్షణము. మీరిప్పుడు శ్రీకాకుళం మాటలాడలేదు. పూర్తిగా తెలంగాణమునూ మాటలాడలేదు. నడుమ గుంటూరు కూడా తగిలినది. అమ్మా, మీ యాస స్వచ్ఛమైనదేనా?"

అలా వచ్చి పడింది స్వచ్ఛత పరీక్ష. నీలవేణి కోర్టు సీను అడగడానికి వెళ్ళి, చీపురుకు అర్హురాలేనా అని రుజువు చేసుకోవాల్సి వచ్చింది. మండలి అర్ధచంద్రాకారంలో కూర్చుంది. మధ్యలో నీలవేణి.

"శ్రీకాకుళం యాసలో దగ్గండి," అన్నారు చయనులుగారు.

నీలవేణి దగ్గింది.

"ఇది నగరపు దగ్గు. పొగ ఉన్నది ఇందులో. సరే. ఇప్పుడు ఒకరు మీ కాలు తొక్కినారు. ఏమందురు?"

"ఓలమ్మా!"

"బాగున్నది. తొక్కినవారు క్షమాపణ చెప్పినారు. ఇప్పుడు?"

"పర్వాలేదు భయ్యా, పో," అంది నీలవేణి. ఆమె కాలు తొక్కినవాళ్ళందరూ సిటీ బస్సుల్లోనే తొక్కారు మరి.

సభ్యులు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. కాస్త గుసగుసలయ్యాక చయనులుగారు తీర్పు వినిపించారు. అభ్యర్థి యాస కల్తీ. లాయరుకు శుద్ధి చాలదు, చీపురుకు మట్టి చాలదు. కనుక ఏ హోదాకూ తగదు.

నీలవేణి బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. ఇన్నేళ్ళూ ఆ మాట తప్ప ఇంకోటి పనికిరాదన్నవాళ్ళు, ఇప్పుడు ఆ మాట కూడా నీది కాదంటున్నారు. కాత్యాయని వచ్చి పక్కన కూర్చుంది.

"నాదీ శుద్ధం కాదు తల్లీ," అంది మెల్లిగా. "మాది అద్దంకి దాటాక లోపలికి. ఇంట్లో నేను మాట్లాడే మాట వింటే చయనులుగారు నాచేత పేడతట్ట మోయిస్తారు. ఎవరికీ చెప్పకు."

చీపురు ఖాళీ అయింది కదా, మండలి నిక్కమైన శ్రీకాకుళం గొంతు కోసం మనిషిని పంపి, పలాస నుంచి ఒక అమ్మాయిని రప్పించింది. ఆ అమ్మాయి పుట్టిన దగ్గర్నుంచి డబ్బింగ్ సీరియళ్ళే చూస్తూ పెరిగింది. నోరు తెరిస్తే అచ్చం కాత్యాయని. "తమరి ఆజ్ఞ మహారాణీ" అని కూడా అనగలిగింది. రెండో రోజు రైలెక్కించేశారు.

చివరికి ఆ రోజు రానే వచ్చింది. ఆఖరి ఎపిసోడు రాత్రి ప్రసారం. మధ్యాహ్నానికి కోర్టు సీను ఒక్కటే మిగిలింది. అడ్వర్టయిజ్‌మెంట్లన్నీ అమ్ముడైపోయాయి గనక వాయిదా వెయ్యడానికి లేదు. మండలి అత్యవసరంగా సమావేశమై సీను చూసింది. అందులో మరిసోల్ లాయరుగా జడ్జీతో మాట్లాడుతుంది. అదే వాక్యంలో తల్లి వైపు తిరుగుతుంది. తాము ఆఫీసులు తుడిచిన రోజులు చెబుతుంది. పైగా కోపంలో ఇంగ్లీషూ స్పానిషూ కలిపేస్తుంది. ఒక వాక్యంలో నాలుగు హోదాలు.

"సార్, కాళ్ళు పట్టుకుంటాను," అన్నాడు హరనాథ్. "నీలవేణికి ఇచ్చెయ్యండి. అక్కడ ఆవిడ ఎలా కలిపి మాట్లాడుతోందో ఈ పిల్లా అలాగే మాట్లాడుతుంది. ఆ పిల్ల నోట్లో అన్నీ ఉన్నాయండీ."

"అన్నియునున్న యాస పట్టికలో లేదు."

"మరి కాత్యాయనితో చెప్పించనా?"

"తుడిచిన మాట కాత్యాయనిగారి నోట వచ్చుటా? పరువేమి కావలెను?"

గది నిశ్శబ్దమైపోయింది. ఆ నిశ్శబ్దమే చయనులుగారికి ఉపాయం చెప్పింది. ఆయన ముఖం వెలిగింది.

"మౌనమునకు జిల్లా లేదు," అన్నారు.

అలా తీర్మానం జరిగిపోయింది. దీనిమీద నిపుణులను వేసి, వాళ్ళ నివేదిక వచ్చేవరకు మరిసోల్ మౌనంగా వాదిస్తుంది. జడ్జీ మాట్లాడి ఆవిడ మాట్లాడకపోతే పక్షపాతమవుతుంది కనుక జడ్జీకి కూడా మౌనమే. ఇక డోలోరెస్ ఏం పాపం చేసిందని ఆవిడకి మినహాయింపు? కోర్టు మొత్తానికి మౌనం. ప్రేక్షకుల సౌకర్యార్థం కింద గ్రాంథికంలో అక్షరాలు పరిగెడతాయి.

బీరేశం నోరెళ్ళబెట్టి, హెడ్‌ఫోన్ తీసి టేబుల్ మీద పెట్టేశాడు.

"ఇగ నాకేం పని? నేను ఇంటికి పోత," అన్నాడు.

నీలవేణి ఇంటికి వెళ్ళేసరికి గది కిటకిటలాడుతోంది. పక్కవాటా రజియా, ఆమె అత్త, పైవాటా పాలమూరు వాళ్ళు, ఎదురింటి టైలరు, అందరూ గవరమ్మ పిలుపు మీద వచ్చి చాపల మీద సర్దుకున్నారు. గవరమ్మ మాత్రం ఎక్కడో ఎరువు తెచ్చిన ప్లాస్టిక్ కుర్చీలో దర్జాగా కూర్చుంది. లాయరుగారి తల్లి కదా మరి.

"అమ్మా, ఒక సంగతి చెప్పాల," అంది నీలవేణి.

"తరవాత సెప్పు. కోర్టు వచ్చేసింది."

కోర్టు వచ్చింది. నల్లకోటు వేసుకుని మరిసోల్ లేచింది. పెదవులు కదిలాయి. శబ్దం లేదు.

"సౌండ్ పెట్టండి," అన్నాడు టైలరు. రజియా పెట్టింది. ఇంకా పెట్టింది. టీవీ అడుగున అక్షరాలు పరిగెత్తుతున్నాయి. 'న్యాయాధిపతీ! మదీయ జననియగు ఈ వృద్ధాంగన...' టైలరు చదవబోయి, రెండో ముక్క దగ్గర ఆగిపోయాడు. అప్పటికి మూడో వాక్యం వెళ్ళిపోయింది.

అదే సమయానికి చానల్ ఆఫీసులో చయనులుగారు ఫోన్ల వంక చూస్తూ కూర్చున్నారు. ఒక్క ఫిర్యాదు కూడా రాలేదు. పరిశ్రమ చరిత్రలో మొదటిసారి ఎవరి హోదాకూ భంగం కలగని సీను ఇదేనని సభ్యులు ఆయన్ని అభినందిస్తున్నారు.

"టీవీ చెడిపోనాదేటే?" అంది గవరమ్మ. ఆవిడకి చదువు రాదు. "నీ మాటేదే? నీ మాట ఇంటానని ఇంతమందిని కూకోబెట్టినాను."

నీలవేణికి సిగ్గు వేసింది, దుఃఖం వచ్చింది. రెండింటినీ తోసుకుని మండిపాటు వచ్చింది. తెర మీద మరిసోల్ ఇంకా మాట్లాడుతూనే ఉంది. ఆ పెదవుల కదలిక ఒక్కొక్కటీ నీలవేణికి తెలుసు. లేచి వెళ్ళి టీవీ పక్కన నిలబడింది.

"జడ్జీగారూ," అంది. గదిలో అందరూ తిరిగి చూశారు. తెర మీద మరిసోల్ చెయ్యెత్తింది, నీలవేణి గొంతెత్తింది. "మా అమ్మ ఈ ఊళ్ళో తుడవని గచ్చు లేదు. ఈ కోర్టు మెట్లు కూడా తుడిచింది. అప్పుడు ఎవ్వలూ అడగలే, ఎక్కడికెల్లి వచ్చినవమ్మా అని. ఇప్పుడడుగుతున్నారు. ఆవిడ మాట మీకు తెల్దు, మీ మాట ఆవిడికి తెల్దు. రెండూ తెలిసింది నాకొక్కదానికే. రెండూ కలిపితే తప్పంటారు, విడదీస్తే అబద్ధమంటారు. సరే, తప్పే మాట్లాడుతున్న, ఇనండి. ఈమె మా అమ్మ. ఈమె ఎల్లిపోతే ఈ ఊళ్ళో నాకు మాట నేర్పినోళ్ళే ఉండరు."

స్క్రిప్టులో ఉన్నది కొంత, లేనిది కొంత. పెదవులు మాత్రం ఎక్కడా తప్పలేదు. రజియా అత్తకి తెలుగు అంతంతమాత్రం, ఆవిడ కూడా కళ్ళు తుడుచుకుంది.

తెర మీద కెమెరా డోలోరెస్ వైపు తిరిగింది. ముసలామె బోనులో నిలబడి జడ్జీని చూస్తూ నోరు తెరిచింది. నీలవేణి గొంతు మార్చుకుని అందుకోబోయేంతలో వెనకనుంచి మాట వచ్చింది.

"బాబూ, నానెక్కడికెల్తాను?"

గవరమ్మ కుర్చీలోంచి లేచి నిలబడింది.

"ఆ ఊళ్ళో నాకిప్పుడు ఎవులున్నారు? నానొచ్చినప్పుడు ఇది కంకరగుట్ట. ఇటుక మోసినాను, నీళ్ళు మోసినాను, దీన్ని ఎత్తుకుని మోసినాను. మా మాట ఇని అందరూ నవ్వినారు. నవ్వితే నవ్వినారు. పొమ్మంటే మాత్రం ఎల్లను. నా కడుపున పుట్టిన గుంట ఇక్కడుంది."

డోలోరెస్ పెదవులు ఎప్పుడో ఆగిపోయాయి. గవరమ్మ ఆగలేదు. అంతా అయ్యాక ఆవిడ రొప్పుతూ, తెర మీద జడ్జీ వంక అలాగే చూస్తూ నిలబడింది.

జడ్జీ కళ్ళజోడు తీశాడు. ముందుకి వంగాడు. పెదవులు విప్పాడు.

స్క్రిప్టులో డోలోరెస్ ఆ దేశంలోనే ఉండేందుకు అనుమతి మంజూరు చేస్తూ జడ్జీకి పొడుగాటి పేరా ఒకటి ఉంది, పట్టిక ప్రకారం శుద్ధంగా రాసింది. నీలవేణికి అదీ వచ్చు. ఆమె తల్లి వంక చూసింది, తెర వంక చూసింది.

"ఉండమ్మా, ఉండు. నిన్ను ఎల్లిపొమ్మన్నోడెవుడు?" అన్నాడు టెక్సస్ జడ్జీ.